ఎక్కడికండీ?

మీ ఇంటికి మేనత్తగారో బావమరిదో వచ్చి నాలుగు రోజులుంటే ఆ సంగతి ఎవరికి చెప్తారు? మహా అయితే పాలవాడికి, రేపట్నించీ అర లీటరు ఎక్కువ పొయ్యమని. జావాలో, యోగ్యకర్త అనే ఊళ్లో నేను దిగిన సందు మొగదల ఒక బోర్డు ఉంది. చుట్టం 24 గంటలు దాటి ఉండేట్టయితే విధిగా తెలియపరచాలట. పోలీసులకనుకునేరు. కాదు, 'పా ఎర్తే'కి.

ఈ ఎర్తే ఎవరో చెప్పాలంటే కాస్త తీరిగ్గా కూచోవాలి. కుర్చీ ఇటు లాక్కోండి.

యోగ్యకర్త ఇండోనేషియాలో ఒక రాష్ట్రానికి రాజధాని. పేరు మన అయోధ్య నించి వచ్చిందని చెప్తారు. ఇప్పటికీ అక్కడ సుల్తానుగారే గవర్నరు, ఎన్నికల గొడవ లేదు. కోటా, గుళ్లూ, దగ్గర్లోని బొరొబుదూరు బౌద్ధస్తూపమూ మీరు వెళ్లినప్పుడు చూస్తారు లెండి. నాకు సుల్తానుగారి కన్నా పా ఎర్తే మీదే మక్కువ.

ఆర్, టీ అన్న రెండక్షరాలు వాళ్ల నోట్లో ఎర్, తే అవుతాయి. 'రుకున్ తెతంగ్గా'కి పొట్టి పేరు. తెతంగ్గా అంటే ఇరుగుపొరుగు. వినగానే మనకి తతంగం గుర్తొస్తే తప్పు మనది కాదు, తతంగానికి అక్కడ లోటూ లేదు. కొన్ని పదుల ఇళ్లు కలిసి ఒక ఎర్తే. దాని పెద్ద ఆ సందులోనే కాపురముండే మనిషి, రిటైరైన మాస్టారో, పంక్చర్లేసే కొట్టాయనో. పదవి రాగానే ఆయన పేరు పోతుంది. అందరికీ 'పా ఎర్తే', ఇల్లాలు 'బూ ఎర్తే'. వెనక మనూళ్లలో కరణంగారు, కరణంగారి భార్య అన్నట్టే. ఆఫీసుల్లో కొన్ని కాయితాలకి ముందు ఆయన చీటీ రాసివ్వాలి.

వాళ్ల మాటలు వింటుంటే మనవాళ్లెవరో వేషం మార్చుకుని తిరుగుతున్నట్టుంటుంది. సందు డబ్బుల లెక్క చూసే ఆయన 'బెందహారా'. మన భాండాగారమే. పదేసి ఇళ్ల ఆడవాళ్ల జట్టు 'దసవిస్మ'. అమరం వల్లించినవాళ్లకి వేశ్మ అంటే ఇల్లని చెప్పక్కర్లేదు, దశ వేశ్మలన్నమాట. ఆదివారం పొద్దున్నే అందరూ పారలూ చీపుళ్లూ పట్టుకుని కాలవలు తియ్యడానికి దిగితే అది 'కెర్జా బక్తి'. కార్యమూ భక్తీ, రెండూ మనవే. మురిక్కాలవ తియ్యడానికి భక్తి అని పేరుపెట్టాలని మనకెందుకు తోచలేదో! అన్నట్టు 'దోసా' అంటే వాళ్ల భాషలో పాపం. ఆ లెక్కన రోజూ పొద్దున్నే మనం చేసేది మీరే చూసుకోండి.

అసలు ముచ్చట బియ్యానిది. ప్రతి గుమ్మం పక్కనా ఒక చిన్న డబ్బా మేకుకి వేలాడుతుంటుంది. నేను దిగిన ఇంటావిడది నీళ్ల సీసా అడుగు కోసి, తీగ కట్టింది. పడుకోబోయే ముందు అందులో చారెడు బియ్యం పోస్తారు. దాన్ని 'జింపితాన్' అంటారు, అంటే చిటికెడని. అర్ధరాత్రి దాటాక గస్తీవాళ్లు వచ్చి డబ్బాలన్నీ సంచిలోకి వొంపుకుంటారు. గస్తీకి జీతగాళ్లుండరు, సందులో మగవాళ్లే వంతులవారీగా. పోగైన బియ్యం అమ్మిన డబ్బు దీపాలకీ, జబ్బుపడ్డవాళ్లకీ, చావులకీ. ఇప్పుడు చాలామంది బియ్యానికి బదులు 500 రూపియాల నాణెం వేస్తున్నారు. మన రూపాయల్లో మూడు కూడా ఉండదు. మా ఇంటావిడకి అది నచ్చదు. నాణెం వేస్తే గస్తీవాడికి చప్పుడు వినిపిస్తుంది, ఎవరు వేశారో ఎవరు వెయ్యలేదో తెలిసిపోతుంది. బియ్యమైతే గుట్టుగా ఉంటుందిట. నిజమే కదూ?

గస్తీకో గూడు ఉంటుంది, అందులో దొల్చిన కొయ్యదుంగ వేలాడుతుంటుంది. 'కెంతోంగాన్' అంటారు. దొంగకొక దెబ్బ, అగ్గికొక దెబ్బ, చావుకొక దెబ్బ. ఆ వరస తెలిసినవాడు మంచంమీద నించి లేవకుండానే సంగతి గ్రహిస్తాడు. మన తలారి టముకు వేసి ఎంత గొంతు చించుకునేవాడు! ఇక్కడ మాట లేకుండానే పని జరుగుతుంది.

ఇదంతా విని "ఆహా, ఎంత ఐకమత్యం" అనేసి లేచిపోకండి. ఈ ఏర్పాటుకి పునాది వేసింది జపానువాళ్లు. యుద్ధకాలంలో జావాని ఆక్రమించుకుని, 1944లో తమ దేశపు పద్ధతిలో ఇళ్లని జట్లుగా కట్టారు. రేషన్లు పంచడానికీ, పనుల్లోకి మనుషుల్ని లాగడానికీ, ఎవరింట్లో ఎవరున్నారో కనిపెట్టడానికీ. స్వాతంత్ర్యం వచ్చాక జపాను పేరు పోయింది, జట్టు మిగిలింది. ఆ తర్వాత దేశాన్నేలిన సుహార్తోగారి రోజుల్లో గస్తీ గూళ్లు మరీ ముమ్మరమయ్యాయి. ఆ చుట్టాల బోర్డు ఊరికే పుట్టలేదు మరి.

ఆ నిఘా రుచి నాకూ తెలిసింది. ఒకరాత్రి నిద్రపట్టక రెండింటికి దీపం వేసుకుని పుస్తకం చదువుకున్నాను. తెల్లారి పళ్లు తోముకుంటుంటే ఎదురింటావిడ అడిగింది, ఒంట్లో బాలేదా అని. పక్కింటాయన అడిగాడు. మూడోవాడెవరో నాకు ముఖపరిచయం కూడా లేదు, అతనూ అడిగాడు. నా దీపం నా ఇష్టం అనుకుని లోపల విసుక్కున్నాను. పదినిమిషాల్లో బూ ఎర్తే గ్లాసుమీద మూతపెట్టుకుని వచ్చింది. దంచిన అల్లం, తాటిబెల్లం, పొగలు కక్కుతోంది. తాగాను. ఆ విసుగూ పోలేదు, ఆ అల్లం ఘాటూ పోలేదు.

ఇరుగుపొరుగు బలం చూడాలంటే ఏటి గట్టుకి పోవాలి. ఊరి మధ్యగా 'చోదె' అని ఒక ఏరు పారుతుంది. పైన మెరాపి అగ్నిపర్వతం నించి దిగుతుంది. దాని గట్టున, గొందొలాయు వంతెన కింద, చెత్తకుప్పల మధ్య ఒకప్పుడు గుడిసెలుండేవి. 1980ల్లో వాటిని పీకేస్తామని అధికారులంటే, మంగున్‌విజయ అనే ఒక క్రైస్తవ పాదిరీ, పీకితే నిరాహారదీక్షకి కూచుంటానన్నాడు. ఆయన జర్మనీలో ఇళ్లు కట్టే శాస్త్రం చదివొచ్చినవాడు, పేరున్న నవలాకారుడు కూడా. పేటలోనే కాపురం పెట్టి, వెదురూ కొబ్బరికొయ్యా వాడి, పైకప్పు కోసుగా ఉండే ఇళ్లు కట్టించాడు. చిత్రకళ చదివే పిల్లలు వచ్చి గోడలకి బొమ్మలేశారు. దానికి 1992లో ఆగాఖాన్ వాస్తుశిల్ప బహుమతి వచ్చింది. పీకేద్దామనుకున్న పేటని చూడ్డానికి పరాయిదేశాల నించి కూడా జనం వచ్చారు. 2010లో మెరాపి పేలాక వానలకి ఆ బూడిదా ఇసకా ఏట్లో కొట్టుకొచ్చి గట్టు ఇళ్లలోకి ఎక్కింది. అప్పుడు వాళ్లకి పారలు ఎక్కడ వెతుక్కోవాలో తెలుసు, ఆదివారం పారలేగా.

చీకటిపడితే సందు చివర తోపుడుబండి వెలుగుతుంది. బొగ్గులమీద మూడు కెటిళ్లు, బల్లమీద వరసగా చిన్నచిన్న పొట్లాలు. ఒక్కో పొట్లంలో మూడు ముద్దల అన్నం, నాలుగు ఎండుచేపలు, కారం. దాని పేరు 'నాసి కుచింగ్', పిల్లి అన్నం, పిల్లికి పెట్టినంతే ఉంటుందని. నేను మొదటిరోజు నాలుగు పిల్లుల భోజనం చేశాను.

పెద్దవాళ్లు అక్కడే చేరి గువ్వల గురించి మాట్లాడుకుంటారు. పొద్దున్నే పంజరాన్ని తాడుతో పొడుగాటి గెడ కొసదాకా, జెండా ఎగరేసినట్టు ఎగరేస్తారు, పైనించి గువ్వ కూస్తుంది. మగాడికి ఐదుండాలని జావావాళ్ల సామెత: విస్మ, వనిత, తురంగ్గా, కుకిల, చురిగ. ఇల్లు, ఆలి, గుర్రం, పిట్ట, కత్తి. ఈ మాటలకి తెలుగు అర్థం చెప్పి మిమ్మల్ని అవమానించానేమో. గుర్రం ఇప్పుడు మోటారుసైకిలయింది. సందులోకి వచ్చేముందు దిగి, ఇంజను ఆపి, నడిపించుకుంటూ రావాలని ఇంకో బోర్డు! కుర్రాళ్లు గుర్రాల్ని కళ్లెం పట్టుకుని వస్తున్నట్టే వస్తారు, మొహాలు ముడుచుకుని.

అన్నిటికన్నా నన్ను బెంబేలెత్తించింది వేరే. గడప దాటితే చాలు, ఎదురైన ప్రతివాళ్లూ "మావు క మాన?" అంటారు. ఎక్కడికీ అని. మా అమ్మ చెవిన పడితే నన్ను లోపలికి లాగి, కాళ్లు కడిగించి, మంచినీళ్లిచ్చి, కాసేపు కూచోబెట్టి గానీ పంపేది కాదు. వాళ్లకది నమస్కారం లాంటిది. జవాబు కూడా నిజం చెప్పక్కర్లేదట. మా ఇంటావిడ నేర్పింది, "క సాన" అంటే చాలని. అటు, అని అర్థం.

వచ్చేసే రోజు తెల్లవారుజామున సంచి భుజాన వేసుకుని బయటికొచ్చాను. వాకిట్లో సీసా డబ్బా ఖాళీగా ఊగుతోంది, గస్తీ వచ్చి వెళ్లినట్టుంది. ఎదురింటావిడ చీపురు ఆపి తలెత్తింది.

"మావు క మాన?"

"క సాన," అన్నాను. తలూపి, మళ్లీ ఊడ్చుకోవడం మొదలెట్టింది.