చుక్క తప్పితే చెప్పేవాళ్లు

సంక్రాంతి ముగ్గుల పోటీ ఎలా జరుగుతుందో తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. స్కూలు గ్రౌండులో సుద్దతో గళ్లు గీస్తారు, గడికో నంబరు వేస్తారు. గంటన్నర టైము. రంగులు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. మైకు పట్టుకున్నాయన ‘ఇంక పది నిమిషాలే’ అని తరుముతుంటాడు. టైమయ్యాక న్యాయనిర్ణేతలు వస్తారు. వాళ్లలో ఎప్పుడైనా ముగ్గు చిటికెతో పట్టినవాళ్లు ఒక్కరుంటే ఆ ఊరి అదృష్టం, మిగిలినవాళ్లు పదవిని బట్టి వచ్చినవాళ్లే. ఏ గడి రంగులతో కళ్లు జిగేలుమనిపిస్తుందో, ఏ గడిలో చెట్లు నాటమనో ఆడపిల్లను చదివించమనో నినాదం రాసి ఉంటుందో, మొదటి బహుమతి కుక్కరు దానికే. ఇదంతా సరదాయే, కాదనను. నాకు చిరాకు ఇంకోచోట ఉంది. పండగ నెల పొడుగునా ఒకరి వాకిలి చూసి ఒకరు నేర్చుకున్న ఇరుగుపొరుగువాళ్లు ఆ గంటన్నరా డిజైను పక్కవాళ్ల కంట పడకుండా వీపు అడ్డం పెట్టుకుని కూర్చుంటారు. ముగ్గు ఇన్నేళ్లు నిలిచింది సరిగ్గా ఆ వీపులు అడ్డం లేకపోవడం వల్ల.

వాత్స్యాయనుడి కామసూత్రంలో చెప్పిన అరవైనాలుగు కళల్లో బియ్యంతోనూ పూలతోనూ చేసే అలంకరణ ఒకటి. ఆ జాబితాలో చాలావాటికి ఇవాళ అర్థం చెప్పాలంటే పండితుణ్ణి పిలవాలి. దీనికి మాత్రం తెల్లవారకముందు ఏ పల్లెలోనైనా వీధిలోకి వస్తే చాలు. అకాడమీ పెట్టి దీన్ని ఎవరూ పోషించలేదు, బిరుదులిచ్చి ఎవరూ సన్మానించలేదు. మరి బతికించింది ఏది? రోజూ వేయాల్సి రావడం ఒకటి, చూసేవాళ్లు కూడా వేసేవాళ్లే కావడం రెండోది. డిసెంబరు 16 ప్రాంతంలో సంక్రాంతి నెల పట్టిన దగ్గర్నుంచి భోగి దాకా ఇరవైతొమ్మిది, ముప్ఫై రోజులు. పది గడపల వీధి అనుకున్నా ఆ నెలలో దగ్గర దగ్గర మూడు వందల ముగ్గులు పడతాయి. మధ్యాహ్నానికి సైకిలు చక్రాలకీ కోళ్ల కాళ్లకీ సగం పోతుంది, మర్నాటి కళ్లాపికి మిగతాదీ పోతుంది. ఇవాళ వంకర పోయినా బెంగ లేదు, రేపటికి దాని ఆనవాలే ఉండదు. ఇంత చవగ్గా తప్పు చేయనిచ్చే కళ ఇంకోటి చూపించండి. కాన్వాసు పాడైతే డబ్బు దండగ, శిల్పం పగిలితే ఏడాది దండగ. ఇక్కడ పోయేది గుప్పెడు పిండి.

పిండి అన్నాను కాబట్టి ఆ సంగతీ చెప్పాలి, చెప్పకపోతే ఊరుకోబుద్ధి కాదు. ఇప్పుడు పాకెట్లలో వస్తున్న ముగ్గు మరీ మెత్తన, మైదాలా ఉంటుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి జారదు, చెమ్మ తగిలితే ముద్దలు ముద్దలుగా పడుతుంది. ముగ్గు కాస్త బరకగా ఉండాలి. అప్పుడే చెయ్యి ఎంత వేగంగా కదిలితే గీత అంత సన్నం, ఎంత నిదానిస్తే అంత లావు. వాకిలి చెమ్మ కూడా లెక్కే. కళ్లాపి మరీ తడిగా ఉంటే ముగ్గు నీళ్లు పీల్చుకుని మసకబారుతుంది, పూర్తిగా ఆరిపోతే గాలికి లేచిపోతుంది. ఈ రెంటికీ మధ్య దొరికే కాసేపట్లో పని ముగించాలి. ఇక రంగుల విషయంలో నాకున్న పగ పాతది. రంగు నింపడం మొదలయ్యాక గీత సోమరిదైపోయింది. వణికిన గీతను రంగు కప్పేస్తుంది, తెల్ల ముగ్గులో వణుకు దాచుకోవడానికి చోటుండదు. మెలికల ముగ్గులో అయితే బొత్తిగా ఉండదు. చుక్కను తాకకుండా దాని చుట్టూ తిరిగి తిరిగి గీత బయల్దేరిన చోటికే రావాలి, ఒక్క మలుపు తప్పితే దారి మూసుకోదు. చిల్లుల గొట్టాలూ అచ్చు జల్లెళ్లూ కొనేవాళ్ల గురించి ఇక్కడ మాట్లాడను, మొదలుపెడితే ఈ వ్యాసం అక్కడే అయిపోతుంది.

చూసేవాళ్లు కూడా వేసేవాళ్లే కావడం వల్ల ఏమవుతుందో ముగ్గు చెప్పుకునే భాషలోనే కనిపిస్తుంది. ‘పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వచ్చేవరకు’ అంటే చాలు, గోడ అవతలావిడకు మొత్తం పటం అందినట్టే. నడిమి వరుసలో పదిహేను, దానికి పైనా కిందా సందుల్లో పద్నాలుగు, పదమూడు, అలా ఎనిమిది దాకా తగ్గుతూ వెళ్తే 169 చుక్కలు. అదే పదిహేనుకు పదిహేను నిండు వరుసలైతే 225. బళ్లో లెక్కలంటే భయపడ్డవాళ్లు కూడా ఈ లెక్కలో తడబడరు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో పనిచేసిన గిఫ్ట్ సిరొమొని సహచరులతో కలిసి తమిళుల ముగ్గైన కోలాన్ని గీసే పద్ధతికి 1974లో ఒక వ్యాకరణం రాశారు. కంప్యూటరుకు బొమ్మలు నేర్పే శాస్త్రంలో అదొక మెట్టు అయింది. అలాంటి వ్యాకరణాన్నే ఆడవాళ్లు అంతకుముందు నుంచీ వాకిళ్లలో నోటిమాటగా ఇచ్చిపుచ్చుకున్నారు. గీతల నోటుబుక్కులో ఎక్కించుకుని, అడిగినవాళ్లకు ఒక పూటకు అరువిచ్చి, వాళ్లు చేర్చిన రెండు ముగ్గులతో సహా వెనక్కి తీసుకున్నారు. ఇలాంటి చోట మెచ్చుకోలు కూడా వేరుగా ఉంటుంది. ‘బాగుంది’ అని ఊరుకోరు. ‘మూడో వరుసలో చుక్క తప్పింది, అందుకే పద్మం ఆ పక్కకు ఒరిగింది’ అంటారు. కనుమనాటి రథం ముగ్గు సంగతి తెలిసిందే. రథం తాడును గీత గీసుకుంటూ పక్కింటి ముగ్గు దాకా లాగుతారు, పక్కింటావిడ దాన్ని అవతలి ఇంటికి లాగుతుంది. నెలంతా ఎవరి వాకిట్లో వాళ్లు వేసిన కళ చివరికి వీధి పొడుగు ఒకే ముగ్గవుతుంది. దీనికి మొదటి బహుమతి ఎవరికిస్తారు?

ఇదంతా కాపీయే కదా, కళ ఎలా అవుతుందని ఒకరు అడుగుతారు. నిజమే, సొంత ముగ్గు అంటూ పుట్టించినవాళ్లు తక్కువ. కానీ ఒకే త్యాగరాజ కీర్తనను పదిమంది పాడితే పదో ఆయన్ని కాపీ అనడం లేదు. పదిహేను చుక్కల పద్మాన్ని పది గడపల ముందు చూసినవాళ్లకు ఏది ఎవరి చేతిదో తెలుస్తుంది, ఒకరి రేకు మొన తేలుతుంది, ఇంకొకరిది గుండ్రబడుతుంది. ఇంకో అభ్యంతరం దీనికంటే బరువైనది. చలిలో తెల్లవారకముందే నడుం వంచడం కళా, చాకిరీయా? వేయను అనే హక్కు లేని కోడలికి అది కళ ఎలా అయింది? పైగా ఆ రథం తాడు ఊరి చివరి వాడ దాకా ఎన్ని ఊళ్లలో వెళ్లింది? చాలా ఊళ్లలో వెళ్లలేదు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఉందనేవాళ్లను నమ్మను. అయితే చాకిరీకి కావాల్సింది గుమ్మం ముందు నాలుగు గీతలే. నాలుగు గీతలు చాలినచోట 169 చుక్కలు పెట్టారంటే ఆ మిగతా చుక్కలు ఏ అత్తగారూ అడిగినవి కావు. పక్కింటావిడ చూస్తుందని పెట్టినవి.

విమర్శకుడు లేని కళ పలచబడుతుందనే మాట కూడా ఉంది. అందరూ అందరినీ మెచ్చుకుంటే స్థాయి ఏముంటుంది అంటారు. ఆకాశవాణి సమస్యాపూరణం ఈ మాటకు జవాబు. ఒక పద్యపాదాన్ని సమస్యగా ఇచ్చాక ఊరూరా శ్రోతలు మిగతా పద్యం కట్టి పూరణలు పంపేవారు. వినేవాళ్లలో చాలామంది తామూ పద్యం కట్టి ఉత్తరం వేసినవాళ్లే, కాబట్టి రేడియోలో చదివిన పూరణలో యతి తప్పితే ముందు వాళ్ల చెవే పట్టేసేది. తీర్పు చెప్పేవాడు వేరు, ఆ పని చేసి చూసినవాడు వేరు. తీర్పరికి ఎవరు ఫస్టో తేలితే చాలు, పని తెలిసినవాడికి ఆ మలుపు ఎలా తిరిగిందో కావాలి. అపార్ట్‌మెంట్ గుమ్మాల ముందు స్టిక్కరు ముగ్గులు అంటిస్తున్నారని చాలామంది వాపోతారు. స్టిక్కరుతో నాకు పేచీ లేదు, చోటు లేనివాళ్లు ఏం చేస్తారు? కానీ స్టిక్కరు ముందు ఆగి చుక్కలు లెక్కపెట్టినవాళ్లు లేరు. నిన్నటికంటే ఇవాళ బాగా కుదిరిందని దానితో ఎవరూ అనలేరు.

పండక్కి పోటీలు పెట్టే కాలనీ సంఘాలవారికి ఒక విన్నపం. ఈసారి కుక్కరు, కన్సొలేషన్ గిన్నెలు మానేయండి. ఆ డబ్బుతో నెల పట్టిన రోజునే రెండు బస్తాల ముగ్గు తెప్పించి వీధి మొదట్లో పెట్టండి, ఎవరికి కావాల్సింది వాళ్లు తీసుకుంటారు. కొనేముందు మాత్రం చిటికెడు తీసి వేళ్ల మధ్య జార్చి చూడండి. బరకగా ఉండాలి.