హోరికాన్ జమ్ములో ఒక ఉదయం

వసంతమంటే మనకు మామిడి పూత, వేప చిగురు, ఎండ ముదరక ముందు నాలుగు చల్లని పొద్దులు. ఉత్తర దేశాల్లో వసంతం అలా రాదు. మంచు కరిగిన నీళ్ల మీదికి గుంపులు గుంపులుగా దిగే పక్షులతో వస్తుంది. 2019 ఏప్రిల్‌లో మేము దానిని కళ్లారా చూశాము.

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో మా పెద్దమ్మాయి కాపురముంటున్నది. ఆమె పురిటికని మేమిద్దరం వెళ్లాము. ఒక శుక్రవారం రాత్రి మా అల్లుడు, "మావయ్యగారూ, అత్తయ్యగారూ, రేపు తెల్లవారుజామునే లేస్తే హోరికాన్ వెళ్లి పక్షులను చూసి వద్దాం" అన్నాడు. మేము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. మాకు పక్షుల మాట ఎత్తితేనే పడదు. ఎందుకో ముందుగా చెప్పాలి.

మాది కొల్లేటి అంచున ఒక పల్లె. పెద్దలిచ్చిన నాలుగెకరాల పల్లపు నేల ఉండేది. వరి వేస్తే రెండేళ్లకొకసారి మునిగేది. చుట్టుపక్కల అందరూ చేపల చెరువులు తవ్విస్తుంటే మేమూ 1996లో అప్పు చేసి తవ్వించాము. 1999లో కొల్లేటిని పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో అయిదో కాంటూరు లోపలి చెరువుల గట్లు తొలగించినప్పుడు మా గట్టూ పోయింది. చేప పోయింది, అప్పు మిగిలింది. అది తీర్చడానికి ఎనిమిదేళ్లు పట్టింది. ఇంట్లో బంగారం అమ్మి అమ్మాయిని చదివించాము. "పిట్టకున్న విలువ మనిషికి లేకపోయె" అనే మాట మా ఇంట్లో సామెతలాగా నిలిచిపోయింది. గూడబాతులు మా ఇంటి మీదుగా పోతున్నా మేము తలెత్తి చూసేవారము కాదు.

అల్లుడి మాట కాదనలేక బయలుదేరాము. రెండు స్వెట్టర్లు వేసుకున్నా చలి వణికించింది. పొద్దు పొడిచేసరికి కారు ఒక రోడ్డు పక్కన ఆగింది. దిగి చూస్తే మాకు నోట మాట రాలేదు. కనుచూపు మేర జమ్ము! మా కొల్లేటి జమ్ములాంటిదే. నడుమ నీటి మడుగులు. ఎక్కడికో పరదేశం వచ్చామనుకుంటే మా ఊరి గట్టు మీద నిలబడినట్టే ఉంది.

ప్రతి జమ్ము కంకి మీదా ఒక నల్లపిట్ట కూర్చుని కూస్తున్నది. దాని భుజాన ఎర్రని మచ్చ. కూసినప్పుడల్లా ఆ ఎరుపు నిప్పు కణికలా విప్పుకుంటున్నది. నీళ్లలో అక్కడక్కడ జమ్ము పోగులు కనిపించాయి. మస్క్‌రాట్ అనే పెద్ద నీటి ఎలుకలు కట్టుకున్న ఇళ్లట అవి. ఒక పోగు మీద కెనడా బాతు పొదుగుతూ కూర్చుంది. ఎలుక లోపల, బాతు పైన! మేడ మీద అద్దెకున్నట్టు ఉందని నవ్వుకున్నాము.

అంతలో దూరం నుండి ఒక కూత వినిపించింది. కొమ్ముబూర ఊదినట్టు గరగరలాడే కూత. శాండ్‌హిల్ క్రేన్ల జంట అది. చూపుకు మన నారాయణ పక్షిలా బూడిద రంగులో ఉంటాయి గాని ఇంకా పెద్దవి. నాలుగడుగుల ఎత్తు, నుదుట ఎర్రని బొట్టు. నారాయణ పక్షి మెడ మడిచి ఎగురుతుంది, ఇవి మెడ చాచి ఎగురుతాయి. చలికాలం ఫ్లోరిడా వంటి దక్షిణ రాష్ట్రాల్లో గడిపి, మంచు కరగగానే తిరిగి వస్తాయి. మగది ఒకసారి పిలిస్తే ఆడది వెంటనే బదులిస్తున్నది. రెండూ రెక్కలు విప్పి గంతులు వేశాయి.

మా పక్కనే ఒక పెద్దాయన టెలిస్కోపు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎనభై ఏళ్లుంటాయి. మొక్కజొన్న రైతట. అల్లుడు మా మాటలు ఆయనకు, ఆయన మాటలు మాకు చెప్పాడు. 1930ల నాటికి ఆ రాష్ట్రంలో ఈ క్రేన్లు పాతిక జంటలే మిగిలాయట. చిన్నప్పుడు తాను ఒక్కదానిని కూడా చూడలేదన్నాడు. ఇప్పుడు అవి వేలకు వేలు. విత్తిన మొక్కజొన్న మొలకెత్తగానే సాలు వెంట నడుస్తూ గింజ పెకిలించి తినేస్తాయి.

"మరి మీకు కోపం రాదా?" అని అడిగాము.

"రాకేం?" అన్నాడు. తరువాత విత్తనానికి పట్టించే ఒక మందు సంగతి చెప్పాడు. అది పక్షిని చంపదు. గింజ రుచించకుండా చేస్తుంది, అంతే. క్రేన్లు మొలకలను వదిలి, అదే చేలో పురుగులను, రాలిన గింజలను ఏరుకుంటాయి. పక్షీ బ్రతికింది, పంటా బ్రతికింది.

ఆ చిత్తడి నేల చరిత్ర కూడా ఆయనే చెప్పాడు. 1846లో అక్కడి రాక్ నదికి అడ్డంగా ఆనకట్ట కట్టారు. చుట్టూ పొలాలు మునిగాయి. రైతులు కోర్టుకెక్కితే 1869లో దానిని తీసేశారు. తరువాత వేటగాళ్లు బాతులను లెక్కలేకుండా చంపి అమ్ముకున్నారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పెద్ద కాలువ తవ్వి, నీళ్లు తోడేసి సేద్యం పెట్టారు. పంట సరిగా రాలేదు. ఎండిన జమ్ము మట్టికి నిప్పంటుకుంటే నేలే కాలింది. చివరకు 1927లో ఆ రాష్ట్ర శాసనసభ నీళ్లను తిరిగి నిలపడానికి చట్టం చేసింది. 1941లో ఉత్తర భాగం కేంద్ర ప్రభుత్వపు అభయారణ్యమైంది. ఇప్పుడది సుమారు 33 వేల ఎకరాలు. 300కు పైగా రకాల పక్షులు అక్కడ కనిపించాయి.

మేము మౌనంగా విన్నాము. ఎవరూ వచ్చి గట్టు కొట్టకుండానే అక్కడి సేద్యం ఓడిపోయింది. నీళ్లుండే చోటు నీళ్లదే. మా నాలుగెకరాలలో వరి ఎందుకు మునిగేదో మాకు తెలియనిదా? బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీళ్లు కొల్లేటిలో నిలిచి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి. ఆ దారిలోనే మేము గట్టు వేశాము.

తిరిగి వచ్చేముందు మడుగు మీద తెల్లని గూడబాతుల వరుస ఒకటి దిగింది. రెక్క చివరలు నలుపు. అన్నీ వరుస కట్టి, చేపలను ఒడ్డు వైపుకు తరుముకుంటూ, ఒక్కసారిగా ముక్కులు ముంచాయి. మా ఊళ్లో వలవాళ్లు చేసే పనే! పదమూడేళ్ల తరువాత మేము గూడబాతును తలెత్తి చూసింది ఆ పూటే.

మా కష్టం మరచిపోయామని చెప్పము. నష్టం నష్టమే. ఒక నీటి నేలను తిరిగి బ్రతికించేటప్పుడు, దానిని నమ్ముకుని అప్పులపాలైన చిన్న రైతును కూడా నిలబెట్టాలి. ఆ మొక్కజొన్న రైతుకు విత్తనానికి పట్టించే మందు దొరికినట్టు, మనకూ ఒక దారి దొరకాలి. ఈ మాట ఎవరి ముందైనా అంటాము. అయితే ఇన్నేళ్లూ మేము కోపగించుకున్నది పక్షి మీద. అది మాకేమి అపకారం చేసింది? తన నీళ్లు ఎక్కడున్నాయో వెతుక్కుంటూ వచ్చింది, అంతే.

ఆ శీతాకాలం ఇంటికి వచ్చాక, చిన్నబ్బాయి పిల్లలను వెంటబెట్టుకుని కైకలూరు దగ్గరి ఆటపాక వెళ్లాము. ఇంటికి అంత దగ్గరలో ఉన్నా 2006 తరువాత అదే మొదటిసారి. చెట్ల మీద గూళ్లలో గూడబాతులు కిక్కిరిసి ఉన్నాయి. "తాతయ్యా, ఇవి మనవేనా?" అని మనవడు అడిగాడు. ఏమి చెప్పాలో ఒక క్షణం తోచలేదు. "మన ఊరివేరా" అన్నాము.

రైతు సోదర సోదరీలారా, మీ ఊరి చెరువు మీద కూడా ఏదో ఒక పక్షి వాలుతూనే ఉంటుంది. ఒక ఉదయం పిల్లలను తీసుకుని గట్టెక్కి చూడండి. దానికి ఖర్చేమీ లేదు. మేము పదమూడేళ్లు పోగొట్టుకున్నాము, మీరు పోగొట్టుకోవద్దు.