1,999 రూపాయల గది

మా షడ్డకుడి సలహాల్లో ఖర్చు మనది, ఘనత ఆయనది. సంక్రాంతి సెలవుల్లో మా ఇద్దరు పిల్లలకు నుమాయిష్ చూపిస్తానంటే, "లాడ్జిల ఏముంటది తమ్మీ, కొండాపూర్‌ల స్టూడియో ఫ్లాట్ తీస్కో. రాత్రికి 1,999. వంటిల్లు గూడ ఉంటది" అన్నాడు. నుమాయిష్ నాంపల్లిలో కదా, కొండాపూర్ ఎందుకని నేను ఆ రోజే అడిగాను. నవ్వాడు. ఆ నవ్వు ఇంకా మింగుడు పడలేదు.

ఫ్లాట్ అందంగానే ఉంది, అబద్ధమెందుకు. పసుపుపచ్చ లైట్లు, గోడ మీద ఇంగ్లిష్ అక్షరాలు, కిటికీ పక్కన ఇద్దరు కూర్చునే బల్ల. బాత్రూముకు మాత్రం గోడ బదులు అద్దం. మా ఆవిడ ముందు చేసిన పని, దానికి దుప్పటి కట్టడం. పిల్లలకు కింద పరుపు వేస్తే ఫ్రిజ్ తలుపు తెరుచుకోలేదు. ఆ వంటింట్లో మేం కాచింది పాలు ఒక్కటే. ఇంటి నుంచి తెచ్చిన జొన్నరొట్టెలు, పల్లిపొడితోనే పొద్దుటి పూటలు గడిచిపోయాయి.

ఇక లెక్క. రెండు రాత్రులకు 3,998. ఆ ధర ఇద్దరికేనట, పిల్లల్ని కూడా మనుషుల కిందే లెక్కగట్టారు. తలకు రాత్రికి 300 చొప్పున 1,200. క్లీనింగ్ చార్జీ 700. అక్కడికి 5,898. దాని మీద 5 శాతం జీఎస్టీ 295. 2025 సెప్టెంబరు 22కు ముందైతే ఇదే 12 శాతం ఉండేది, ఆ మాత్రం అదృష్టం. యాప్ వాళ్ల సర్వీస్ ఫీజు ఇంకో 700. మొత్తం 6,893. రాత్రికి 3,446 పైచిలుకు. డిపాజిట్ కింద పట్టుకున్న 2,000 ఈ లెక్కలో లేదు. అది తిరిగొచ్చింది, నేను ఫోన్ల మీద ఫోన్లు చేశాక.

అంతటితో అయిందా? మా ఊరు కోడేరు నుంచి నాగర్‌కర్నూల్ మీదుగా వెళ్తే బస్సు మనల్ని దింపేది ఎంజీబీఎస్‌లో. అక్కడి నుంచి కొండాపూర్‌కు క్యాబ్ రానూపోనూ 1,000. నుమాయిష్‌కు వెళ్లిరావడానికి 900. మెట్రో ఉంది కదా అంటారు. రాత్రిపూట నిద్రతో తూగే పిల్లల్ని ఎత్తుకుని అమీర్‌పేటలో రైలు మారి, రాయదుర్గంలో దిగి, మళ్లీ ఆటో బేరమాడి చూడండి. మొత్తం 8,793 తేలింది.

నాంపల్లిలో నలుగురు పట్టే ఏసీ గది 2,000కు చెప్పారు. రెండు రాత్రులకు పన్నుతో 4,200. ఎంజీబీఎస్ నుంచి నాంపల్లి మెట్రోలో మూడో స్టేషన్. మనిషికి 20 వేసుకున్నా రానూపోనూ 160. అంటే 4,360. నుమాయిష్‌కు నడిచే వెళ్లొచ్చు. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన ఆ ప్రదర్శన ఇప్పుడు మామూలుగా ఏటా జనవరి 1 నుంచి జరిగేది నాంపల్లిలోనే.

తేడా 4,433. మన పాలమూరు భాషలో చెప్పాలంటే, 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 7,263 చొప్పున 61 కిలోల పల్లికాయ. బస్తాలు మోసిన వాడికి అది ఎంత బరువో తెలుసు.



ఈ లెక్క ఫోన్‌లో పెడితే షడ్డకుడు "అనుభవానికి లెక్క గడ్తరా?" అన్నాడు. మొన్న కొడుకును పరీక్ష రాయించడానికి తీసుకెళ్తూ నాంపల్లి లాడ్జి నంబరు అడిగింది ఆయనే. పంపాను, పాత లెక్క కూడా కింద అతికించి. జవాబు రాలేదు. అక్కడే దిగాడని మాత్రం మా ఆవిడ వాళ్ల అక్క చెప్పింది.

స్టూడియోలు దండగని నేను అనడం లేదు. నిమ్స్‌లో మనిషిని చేర్పించి ఇద్దరు వారం రోజులు పంజాగుట్టలో ఉండాల్సొస్తే, లెక్క తిరగబడుతుంది. రాత్రికి 350 పడ్డ క్లీనింగ్ చార్జీ 100కు దిగుతుంది, అదనపు తలల చార్జీ ఉండదు, రోగికి జావ కాచుకోవచ్చు, హోటల్ తిండి ఖర్చు మిగులుతుంది. ఒకటి రెండు రాత్రులకు మాత్రం వద్దు. అయినా తీసుకోవాలనిపిస్తే మొదటి పేజీలో ధర చూసి ఆగకండి. డబ్బు కట్టే చివరి పేజీ దాకా వెళ్లి, అక్కడ కనిపించే మొత్తానికి దారి ఖర్చు కలిపి, రాత్రులతో భాగించి, అప్పుడు నొక్కండి.