తాతా, రైఫిలూ, ఒక నంబరూ

మొన్న ఆదివారం మా చిన్నోడు ఫోన్లో ఏదో వీడియో చూస్తున్నాడు. అది రెండు గంటల వీడియో! విదేశాల్లో ఒకాయన పాత సైన్యపు తుపాకీకి మళ్లీ ప్రాణం పోస్తున్నాడు. లీ-ఎన్‌ఫీల్డ్ అంట. ఎవరో వేటకోసమని ముందు కర్రను కోసేసి పొట్టిది చేస్తే, ఈయన అసలు కర్ర, అసలు ఇనుప పట్టీలు, అసలు స్క్రూలు ఏళ్ల తరబడి వెతికి తెచ్చి బిగిస్తున్నాడు. నాకైతే విసుగొచ్చి చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాను.

పక్కన కుర్చీలో మామయ్య. ఏడాదిగా మతిమరుపు. నన్ను ఒక్కోసారి ఆడబిడ్డ పేరుతో పిలుస్తారు, తిన్నది మర్చిపోయి మళ్లీ అన్నం అడుగుతారు. అలాంటి మనిషి ఒక్కసారి ముందుకు వంగి, "గిది త్రీ నాట్ త్రీ రా! కట్టె ఎవడు కోసిండు?" అన్నారు.

మామయ్య 1978లో పోలీసుల్లో చేరారు. మా హుస్నాబాద్ చుట్టుపక్కల తుపాకీ కొత్త కాదు. 1948 మార్చి 14న మహ్మదాపూర్ గుట్టల్లో అనభేరి ప్రభాకర్‌రావు, ఆయన తోటివాళ్లు నిజాం బలగాల చేతిలో చనిపోయారు. ఎనభైలు, తొంభైలు వచ్చేసరికి పోలీసుల ఇళ్లలో ఎవరికీ నిద్ర ఉండేది కాదని అత్తమ్మ అంటుంది. (2016లో మమ్మల్ని సిద్దిపేట జిల్లాలో కలిపారు గానీ, మామయ్యకు ఇప్పటికీ కరీంనగర్ జిల్లానే. దీనికి మతిమరుపు కారణం కాదు లెండి, మా వీధిలో సగం మంది అంతే.)

ఇక మొదలుపెట్టారు. బోల్టు, బట్టు, పది తూటాల మ్యాగజైను, ముందు సైటు, వెనక సైటు. ఒక్క పేరూ తడబడలేదు. లోపలికెళ్లి ట్రంకుపెట్టెలోంచి ఇత్తడి నూనె సీసా తెచ్చారు. రిటైరయ్యాక కరీంనగర్‌లో పాత సామాన్ల కొట్టులో కొన్నది. వేలంత ఉంటుంది. బట్టు వెనక చిన్న మూత తీస్తే ఆ రంధ్రంలో ఈ సీసా, బ్యారెల్ లాగి తుడిచే తాడు ఉంటాయంట. తాడుకు నాలుగంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు గుడ్డ ముక్క కట్టాలి. దాన్ని వాళ్లు చిందీ అంటారు.

"కాల్చినంక ముందుగాల నూనె పెట్టొద్దురా. మసల మసల నీళ్లు పొయ్యాలె."

ఎందుకంటే పాత తూటాలు పేలితే లోపల ఉప్పులాంటిది మిగులుతుందంట. దానికి చెమ్మ పట్టి తుప్పొస్తుంది. నూనెకు అది కరగదు, వేడినీళ్లకే కరుగుతుంది. ఇనుము వేడెక్కి తనే ఆరిపోతుంది. అప్పుడు నూనె. మన దోసెపెనం సంగతే కదా అనిపించింది నాకు.

చిన్నోడికి ఉత్సాహం. "తాతా, మనం కూడా ఒక్కో పార్టు కొని చేద్దామా?" నేను గట్టిగానే అన్నాను, మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం విడిభాగం కూడా ఆయుధమే, లైసెన్సు లేకుండా ముట్టుకోకు అని. వాడి ముఖం చిన్నబోయింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు కూడా 2020 రిపబ్లిక్ డే పెరేడ్‌తో వీటికి వీడ్కోలు చెప్పారులేరా అంటే, "మ్యూజియంలనన్న చూద్దాం" అన్నాడు.

ఇంతలో వీడియోలో ఆయన బోల్టు మీద నంబరు, బాడీ మీద నంబరు పక్కపక్కన పెట్టి చూపించాడు. రెండూ ఒకటే అయితేనే అసలు జత. మామయ్య ఆగిపోయారు. "నా రైఫిల్ నంబరు..." పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. చేతిలో సీసా వణుకుతోంది. "నాలుగు... నాలుగు..."

అత్తమ్మకు ఆ సీసా అంటేనే పడదు. కనిపిస్తే చాలు, "ఇంట్ల పెట్టకు, పారెయ్" అంటుంది. ఇప్పటిదాకా వంటింటి గడపలో చింతపండు పిసుకుతూ, ఇటు తల కూడా తిప్పలేదు.

"నాలుగు, ఏడు, తొమ్మిది, ఒకటి" అంది.

చిన్నోడు వీడియో ఆపేశాడు. "బాపమ్మా, నీకెట్ల తెలుసు?"

"పదేండ్లు నిద్దట్ల గదే కలవరించిండు. పక్కన మెలకువతో పండుకున్నది నేనే కదా."

మామయ్య ఆమెనే చూస్తున్నారు. "అవు, గదే" అన్నారు. అత్తమ్మ చేయి కడుక్కుని వచ్చి, ఆయన చేతిలోంచి సీసా తీసుకుని, కొంగుతో తుడిచి, ట్రంకుపెట్టెలో పెట్టింది.