మైసూరులో మరో దర్శనీయ స్థలం

మైసూరు అనగానే రాజప్రాసాదం, చాముండి కొండ, బృందావన ఉద్యానం స్ఫురిస్తాయి. వాటిని దర్శించిన మరునాడు మేము మానసగంగోత్రిలోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థకు వెళ్ళాము. 1965లో నెలకొన్న ఈ కేంద్ర ప్రభుత్వ సంస్థలో పరీక్ష, చికిత్స, బోధన, పరిశోధన ఒకేచోట సాగుతాయి.

ఇంజనీర్లమైన మమ్మల్ని అమితంగా ఆకర్షించినది మాటను కంటికి చూపే కంప్యూటర్ విద్య. ఐ.బి.ఎం. సంస్థ 1988లో స్పీచ్‌వ్యూయర్‌ను వెలువరించింది. బెంగళూరులో రూపొందిన ‘వాగ్మి’ని మైసూరు పరిశోధకులు వినియోగించారు. మైకులో పడిన ధ్వనిని సెకనుకు వేలసార్లు కొలిచి, స్వరస్థాయిని గీతగా, తీవ్రతను బొమ్మ పరిమాణంగా తెరపై చూపడం ఇటువంటి సాధనాల పని. పురుషుని స్వరం సుమారు 120 హెర్ట్జ్. స్త్రీది 200, పసిపిల్లలది 250 దాటుతుంది.

తన గొంతు తనకు వినబడని బిడ్డకు ఆ గీతే చెవి. ‘పదం’, ‘పాదం’ మధ్య భేదం అచ్చు నిడివి. అది తెరపై తేటగా కనబడుతుంది. ‘కల’, ‘కళ’ల భేదం మాత్రం నాలుక మడతలో ఉంది. దానిని గురువు తన నోటితోనే చూపాలి. కొలిచే పరికరం ఎంత గొప్పదైనా, సరిదిద్దేది మనిషే.

పిలిచినా తిరిగి చూడని పసివానిని ‘మాటలు ఆలస్యంగా వస్తాయిలే’ అని మన ఇళ్ళలో ఉపేక్షిస్తాము. అలా జారిపోయిన సంవత్సరాలను ఏ యంత్రమూ తిరిగి ఇవ్వలేదు. అనుమానం కలిగిననాడే వినికిడి పరీక్ష చేయించడం తల్లిదండ్రుల ప్రథమ కర్తవ్యం.