రేడియో గొంతుక

మా యింట నొక పాత రేడియో కలదు. నల్లబడిన టేకుచెక్క పెట్టె, ముందువైపున దంతపురంగు మీటలు, లోపల ఐదు గాజు వాల్వులు. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948వ సంవత్సరము డిసెంబరు 1వ తేదీన ప్రారంభమైనది. ఆ తరువాత పదేండ్లకు, మా యూరికి కరెంటు వచ్చిన యేడు, తాతగారు దీనిని కొని ఎడ్లబండిపై గడ్డి పఱచి తెచ్చిరట. సాయంకాలము సగము ఊరు మా యరుగుమీదనే యుండెడిదట. తాతగారు గతించిన పిదప అది ముప్పదియేండ్లు అటకపై మూగగా పడియుండెను.

2009 వేసవిలో దానిని దించితిని. దుమ్ము తుడిచి, ఓపిక పట్టలేక వెంటనే కరెంటు పెట్టితిని. అదియే నా తప్పు. కొంతసేపు నిశ్శబ్దము. పిదప బొంగురు స్వరమున నెవరో పాడసాగిరి. నాయనమ్మ చేతులు తుడుచుకొనుచు వంటింటినుండి వచ్చెను. ఆమె వచ్చి నిలుచునంతలో ఒక వాల్వులోని రేకు కుంపటిలోని బొగ్గువలె ఎఱ్ఱబడెను. మాడువాసన కొట్టెను. పాట ఆగిపోయెను. ఆమె యేమియు ననక వెనుకకు మరలిపోయెను. తిట్టినను నాకంత బాధ కలిగియుండదు.

విజయవాడలో ఒక వృద్ధ మెకానిక్కు పెట్టె విప్పి, చిటికెనవ్రేలంత కండెన్సరు నొకదానిని చూపి, "దోషి యిదే, బాబూ" అనెను. నడుమ కాగితము పెట్టి పలుచని లోహపు రేకులను చుట్టి, మైనముతో మూసిన వస్తువది. దానిది కావలివాని పని. ముందటి వాల్వు పెంచిన ధ్వనితరంగములను చివరి వాల్వు గ్రిడ్డుకు పోనీయవలెను. వానితోడి హెచ్చు వోల్టేజిని ఆపవలెను. మా రేడియోలో చివరి వాల్వు ఇఎల్ 84. దాని గ్రిడ్డు కాథోడుకంటె ఇంచుమించు 7 వోల్టులు తక్కువలో నుండవలెను. చెమ్మ పట్టిన కాగితము వోల్టేజిని కారనిచ్చినచో గ్రిడ్డు అదుపు తప్పును. వాల్వుగుండ మితిమీరిన విద్యుత్తు పాఱును. ఆ విద్యుత్తే పాఱు ఔట్‌పుట్ ట్రాన్సుఫార్మరులోని వెండ్రుకవంటి రాగితీగ కాలి తెగిపోవును. కొలది రూపాయల వస్తువు, సులభముగా దొరకని వస్తువును కాల్చివేసినదన్నమాట.

ట్రాన్సుఫార్మరుకు క్రొత్త తీగ చుట్టించితిమి. కాగితపు కండెన్సరుల నన్నిటిని తీసి, 630 వోల్టులకు తట్టుకొను పాలియెస్టరువి వేసితిమి. వడపోత కండెన్సరులను గూడ మార్చితిమి. లేనిచో గుంయిమను హోరు వీడదు. స్విచ్చి కట్టివేసినను ఇవి కొంతసేపు విద్యుత్తును దాచుకొనును గనుక ఆయన నన్ను చేయి పెట్టనీయలేదు. మీరును పెట్టకుడు.

ఇక స్పీకరు. దాని కాగితపు గరాటు చినిగియుండెను. "క్రొత్తది వేయుదమా? ధ్వని స్వచ్ఛముగా వచ్చును" అని ఆయన యడిగెను. నేను ఒప్పుకొనలేదు. కండెన్సరులను మార్చినప్పుడు రేడియో మారినట్లు నాకు తోచలేదు గాని, స్పీకరు దాని గొంతుక. గాలిపటముల కాగితమును చిన్న ముక్కలుగా చింపి, పలుచని బంకతో చినుగుపై అంటించితిమి. బంక ఎక్కువైనచో గరాటు బరువెక్కి ధ్వని మొద్దుబారునట. ఆ చిన్న పనికే ఒక పూట పట్టెను.

ఇంటికి తెచ్చి, భయపడుచునే స్విచ్చి నొక్కితిని. వాల్వులోని రేకు ఈసారి నల్లగానే యుండెను. పాట వచ్చెను. మంద్రస్వరములు మాత్రము కొంచెము గరగరలాడెను. నాయనమ్మ పెట్టెపై చేయి వేసి కూర్చుండెను.

"స్పీకరు పాతదే, నాయనమ్మా" అంటిని, సిగ్గుపడుచు.

"మీ తాతగారు దీనికంటె పెద్దగా పెట్టెడివారు" అని ఆమె మీటవైపు చూచెను.

నేను దానిని మరికొంచెము త్రిప్పితిని.