ఇరవై వాట్లు చాలు

మన మ్యాగజైన్‌లో ప్రేమ మీద, అమ్మ మీద, వాన మీద చాలానే వచ్చాయి. నేను గిటార్ ఆంప్ మీద రాస్తున్నా. ఎడిటర్ అక్క "రాయి, కానీ సివిల్ వాళ్లకి కూడా అర్థమవ్వాలి" అంది. ప్రయత్నిస్తా.

మా బ్యాండ్‌లో నలుగురం. మెటల్ వాయిస్తాం. ఇస్నాపూర్ దగ్గర ఒక మల్గి అద్దెకి తీసుకున్నాం. ఒక పక్కన వెల్డింగ్ షాపు, ఇంకో పక్కన లేత్ మిషన్. ఆదివారం తప్ప మిగతా రోజుల్లో వాళ్ల గ్రైండర్ సప్పుడే మా డ్రమ్స్‌ని మింగేస్తుంది. మెటల్ ప్రాక్టీస్‌కి ఇంతకన్నా మంచి ఏరియా హైదరాబాద్‌లో కూడా దొరకదు. గాడ్‌లెస్ లాంటి డెత్ మెటల్ బ్యాండ్ హైదరాబాద్ నుంచే వచ్చిందంటే చాలామంది నమ్మరు. మాకు మాత్రం ఆశ్చర్యం లేదు, ఈ బెల్ట్‌లో పుట్టినవాళ్లకి డిస్టార్షన్ కొత్త కాదు.

పోయిన సెమిస్టర్‌లో మా ముందు రెండు సెకండ్ హ్యాండ్ ట్యూబ్ ఆంప్‌లు ఉన్నాయి. ఒకటి పీవీ 6505, 120 వాట్ల హెడ్, దాంతోపాటు నాలుగు స్పీకర్ల క్యాబినెట్. రెండోది మార్షల్ డీఎస్ఎల్20, ఒకే స్పీకర్ ఉన్న 20 వాట్ల కాంబో. డబ్బులు నలుగురివి. ఒక్కటే కొనగలం.

ముందు హై గెయిన్ అంటే ఏంటో చెప్తా. గిటార్ పికప్ నుంచి వచ్చే సిగ్నల్ చాలా చిన్నది, మిల్లీవోల్టుల్లో ఉంటుంది. ఆంప్‌లో 12ఏఎక్స్7 అనే చిన్న గాజు ట్యూబు దాన్ని పదుల రెట్లు పెంచి తర్వాతి స్టేజికి ఇస్తుంది. అది ఇంకోసారి పెంచుతుంది. ఇలా మూడు నాలుగు స్టేజీలు వరసగా పెడితే సిగ్నల్ ట్యూబులో పట్టదు, వేవ్ పైభాగం చదునైపోతుంది. మెషిన్ లెర్నింగ్ ఎలక్టివ్ తీసుకున్నవాళ్లు ట్యాన్‌హెచ్ గ్రాఫ్ గుర్తు తెచ్చుకోండి. మధ్యలో గీత, రెండు చివర్లలో మెల్లగా వంగి ఆగిపోవడం. ట్యూబు దాదాపు అదే పని చేస్తుంది. అలా వంగినప్పుడు అసలు సిగ్నల్‌లో లేని కొత్త ఫ్రీక్వెన్సీలు పుడతాయి. మెటల్‌లో పవర్ కార్డులే ఎక్కువ ఎందుకంటే, ఇంత గెయిన్‌లో మూడో స్వరం కూడా కలిపితే ఆ కొత్త ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి తొక్కుకుని బురద అవుతాయి. స, ప రెండే ఉంటే శుభ్రంగా నిలబడుతుంది.

ఇప్పుడు ఈ రెండు ఆంప్‌ల తేడా. 6505 అసలు 5150 పేరుతో 1992లో ఎడీ వాన్ హేలెన్ కోసం వచ్చింది. ఆయన పీవీ నుంచి వెళ్లాక, కంపెనీ నలభయ్యేళ్లకి గుర్తుగా, 1965 నుంచి 2005 అని పేరు మార్చారు. ఇందులో పవర్ ట్యూబులు 6ఎల్6 రకం. కింది తీగల మీద అరచేయి ఆనించి కొడితే సౌండు గోడలా వస్తుంది. మార్షల్‌లో ఈఎల్34 ట్యూబులు. మధ్య స్థాయి స్వరాలు ముందుకొస్తాయి, అందుకే లీడ్ వాయిస్తే బ్యాండ్ మధ్యలోంచి చీల్చుకుని వినిపిస్తుంది. రిథమ్‌కి కొంచెం లూజుగా ఉంటుంది, కానీ దానికి ఉపాయం ఉంది. ముందు ఒక ట్యూబ్ స్క్రీమర్ పెడల్ పెట్టి డ్రైవ్ సున్నా, లెవెల్ ఫుల్. అది బేస్‌ని గెయిన్‌కి ముందే కోసేస్తుంది, సౌండు బిగుసుకుంటుంది.

"ట్యూబులెందుకురా, ల్యాప్‌టాప్ ఉందిగా" అని మీలో కొందరు అంటారు. న్యాయమే. న్యూరల్ ఆంప్ మోడలర్ ఓపెన్ సోర్స్, ఫ్రీ. నిజమైన ఆంప్‌ని రికార్డు చేసి న్యూరల్ నెట్‌వర్క్‌కి నేర్పిస్తుంది. ఇంట్లో నేను వాడేది అదే. ట్యూబులు లేకపోతే మెటల్ కాదన్నది కూడా అబద్ధం. పాంటెరాలో డైమ్‌బ్యాగ్ పేరు తెచ్చుకున్నది ట్రాన్సిస్టర్ ఆంప్‌లతోనే, మెషుగా వాళ్లు ఎప్పుడో డిజిటల్‌కి వెళ్లిపోయారు. కానీ మాకు మల్గిలో డ్రమ్స్ పక్కన నిలబడి మోగే డబ్బా ఒకటి కావాలి. లీడ్‌లో ఒక నోటు పట్టుకుని ఆంప్ వైపు తిరిగితే స్పీకర్ గాలి తీగని మళ్లీ కదిలిస్తుంది, నోటు ఆరిపోకుండా పాడుతూనే ఉంటుంది. హెడ్‌ఫోన్స్‌లో అది రాదు.

బ్యాండ్‌లో ముగ్గురు 6505 అన్నారు. నేను కూడా దాదాపు అటే. నా మనసు మారింది ఒక కాగితం వల్ల.

మా నాన్న ఇరవై రెండేళ్లుగా పాశమైలారంలో ఒక కంపెనీ ప్రెస్ షాపులో చేస్తున్నారు. ఏటా మెడికల్ చెకప్ ఉంటుంది. ఈసారి చెవుల టెస్ట్ రిపోర్టు టీవీ మీద పెట్టి డ్యూటీకి వెళ్లారు. నేను చూశా. గ్రాఫ్‌లో అడ్డంగా ఫ్రీక్వెన్సీ, నిలువుగా డెసిబెల్స్. గీత ఎడమవైపు బాగానే ఉంది, 4,000 హెర్ట్జ్ దగ్గర బావిలోకి దిగినట్టు దిగి, మళ్లీ కొంచెం లేచింది. డాక్టర్ రాసింది చదవకముందే నాకు అర్థమైంది. నేను రోజూ చూసే ఈక్యూ అదే. ఎవరో 4కే స్లైడర్‌ని కిందికి లాగేశారు. ఆంప్ మీద ప్రెజెన్స్ అని ఒక నాబ్ ఉంటుంది, గిటార్‌కి అంచు ఇచ్చేది. అది పెంచేది ఇంచుమించు ఆ ప్రాంతాన్నే. మా నాన్నకి ఆ నాబ్ లేదు.

ఇంట్లో "ఏమన్నవ్?" అని ఆయన రెండుసార్లు అడగడం, టీవీ సౌండు, ఫోన్‌లో అక్క మాట్లాడితే స్పీకర్ పెట్టమనడం, అన్నీ ఆ బావిలోవే. పోయినదాన్ని మందు వెనక్కి తేలేదు. చెవి లోపలి సన్నని కణాలు ఒకసారి పోతే మళ్లీ పుట్టవు.

ఆ వారం మల్గిలో, అరువు తెచ్చిన పెద్ద హెడ్డుతో వాయిస్తుంటే ఫోన్ యాప్ పెట్టి చూశా. యాప్ లెక్క కచ్చితం కాదు. అయినా నేను నిలబడ్డ చోట 103 చూపించింది. మన ఫ్యాక్టరీ రూల్స్ 8 గంటలకి 90 డెసిబెల్స్ వరకు ఒప్పుకుంటాయి. అమెరికాలో నైయాష్ ఇంకా గట్టిగా, 8 గంటలకి 85 అంటుంది, ప్రతి 3 డెసిబెల్స్‌కి టైమ్ సగం చేస్తుంది. ఆ లెక్కన 103 దగ్గర ఏడున్నర నిమిషాలు. మా ప్రాక్టీస్ రెండు గంటలు.

వాట్ల లెక్క కూడా లాగ్ స్కేలే. 120కి, 20కి మధ్య తేడా ఆరు రెట్లు అనిపిస్తుంది కానీ అది దాదాపు 8 డెసిబెల్సే. చెవికి రెండింతలు అనిపించాలంటే 10 కావాలి. అంటే 20 వాట్ల ట్యూబ్ ఆంప్ చిన్నపిల్లాడేం కాదు, డ్రమ్స్‌తో సమానంగా నిలబడుతుంది. పైగా ఈఎల్34లు బాగా పనిచేసే వాల్యూమ్‌కి దాన్ని తీసుకెళ్లగలం. 120 వాట్ల హెడ్డుని ఆ చిన్న గదిలో రెండు మీదికి తిప్పితే షట్టర్ ఊగేది.

నేను ఈ లెక్కలన్నీ బోర్డు మీద రాసి చూపించా. మా డ్రమ్మర్ "మెటల్‌కి వచ్చి సౌండు తగ్గించమంటావేందిరా" అన్నాడు. అప్పుడు నాన్న రిపోర్టు ఫోటో చూపించా. వాళ్ల నాన్న కూడా బొల్లారంలో కంపెనీలోనే. వాడు ఇంకేం అనలేదు. మార్షల్ కొన్నాం.

కొన్న తర్వాతి ఆదివారం నాన్న మల్గికి వచ్చారు. ఇయర్‌మఫ్స్ తెచ్చుకున్నారు. మేం వాయించకముందే, ఆంప్ ఆన్ చేసి ఊరికే నిలబడితే, "గా బర్రుమంటున్నదేంది? ఎర్తింగ్ సూడుర్రి" అన్నారు. మాకెవరికీ పట్టలేదు, ఆయనకి పట్టింది. కింది ఫ్రీక్వెన్సీలు ఆయనకి బంగారంలా వినిపిస్తాయి, పైగా మిషన్ సప్పుడు మారితే ఏదో తేడా ఉందని పసిగట్టడం ఇరవై రెండేళ్ల అలవాటు. ప్లగ్ పాయింటు విప్పి చూస్తే ఎర్త్ వైరు ఊడి ఉంది. ట్యూబ్ ఆంప్ లోపల వందల వోల్టులుంటాయి, ఎర్త్ లేకుండా తీగల మీద చేయి వేయడం మామూలు విషయం కాదు. ఆయనే స్క్రూడ్రైవర్ తెప్పించి బిగించారు.

పాట అయ్యాక ఎలా ఉందని అడిగా. "డోలు మంచిగున్నది. నీది గా సివర్ల సన్నగ వాయించినవ్ సూడు, అది నాకు సక్కగ ఇనరాలే బిడ్డా" అన్నారు. అది నా సోలో.

ఇప్పుడు మల్గి తలుపు దగ్గర ఫోమ్ ప్లగ్గుల డబ్బా పెట్టాం. సరిగ్గా పెట్టుకుంటే 20 డెసిబెల్స్ దాకా ఆపుతాయి, సౌండు కొంచెం మొద్దుబారుతుంది, రెండు పాటల్లో అలవాటవుతుంది. సోలోని మాత్రం కింది తీగల మీద మళ్లీ రాస్తున్నా, 4కే అవసరం లేకుండా. ఫెస్ట్‌లో వాయిస్తాం, రండి. ప్లగ్గులు మేమే ఇస్తాం.